అక్షరాలు తొడుక్కునే ఊరు

ఆగస్టు నెల. ఎండ మన మే నెలను గుర్తుచేస్తుంటుంది. లక్షమంది పట్టే బ్రయంట్-డెన్నీ స్టేడియంలో ఓ పక్కన రెండువేల మందికి పైగా అమ్మాయిలు చేతుల్లో కవర్లు పట్టుకుని కూర్చుని ఉంటారు. తెరవమన్న మాట వినపడగానే ఒక్కసారిగా కేకలు. కొందరు ఎగిరి గంతేస్తారు, కొందరు పక్కవాళ్లను పట్టుకుని ఏడ్చేస్తారు. ఆ వెంటనే పరుగు. వీధికి అటూఇటూ తెల్లటి స్తంభాలతో రాజభవనాల్లా నిలబడ్డ ఇళ్ల ముందు సీనియర్లు వాళ్లకోసం ఎదురుచూస్తుంటారు. ఏ ఇంటి కవరు వస్తే ఆ ఇంటికి. మర్నాటి నుంచి ఆ అమ్మాయి గుర్తింపు పేరు కాదు... చొక్కా మీది రెండో మూడో అక్షరాలు!

అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రంలో ఉన్న టస్కలూసాలో ఏటా కనిపించే దృశ్యమిది. బ్లాక్ వారియర్ నది ఒడ్డున 1831లో మొదలైన అలబామా విశ్వవిద్యాలయమే ఈ ఊరికి ఆయువుపట్టు. 2021లో ఇక్కడి అమ్మాయిలు తమ ముస్తాబును వీడియోలు తీసి టిక్‌టాక్‌లో పెట్టేసరికి ఈ తంతు ప్రపంచమంతా తెలిసింది. 2023లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. వాటిలో ఖరీదైన గౌన్లూ నగలూ బాగానే కనిపిస్తాయి. అసలు సంగతి మాత్రం సాదాసీదా స్వెట్‌షర్టు మీద, గుడ్డముక్కలతో కుట్టిన అక్షరాల్లో ఉంది.

లెక్కల పుస్తకంలోంచి చొక్కా మీదికి

ఆల్ఫా, బీటా, థీటా అంటే మనకు లెక్కల పరీక్ష గుర్తొస్తుంది. అమెరికాలో అవి విద్యార్థి సంఘాల పేర్లు. అబ్బాయిల సంఘం ఫ్రెటర్నిటీ, అమ్మాయిలది సొరోరిటీ. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు కొందరు ఓ రహస్య సాహితీ సంఘం పెట్టుకున్నారు. గ్రీకులో రాసుకున్న తమ నినాదంలోని మూడు పదాల తొలి అక్షరాలే దానికి పేరయ్యాయి... ఫై బీటా కప్పా. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా అదే దారి పట్టారు.

చొక్కా మీద అక్షరం కుట్టుకునే అలవాటుకు మూలం వేరే చోట ఉంది. 1865లో హార్వర్డ్ బేస్‌బాల్ జట్టు తమ చొక్కాల మీద ‘హెచ్’ అక్షరం వేసుకుంది. అప్పటినుంచీ బాగా ఆడిన వాడికి కాలేజీ అక్షరాన్ని బహుమతిగా ఇవ్వడం ఆచారమైంది. అన్నట్టు, అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం చివరి రోజుల్లో టస్కలూసా క్యాంపస్‌ను ఉత్తరాది సేనలు తగలబెట్టాయి. మిగిలినవి కొద్ది భవనాలే.

విశ్వవిద్యాలయం పేరున్న హుడీని డబ్బిస్తే ఎవరైనా కొనుక్కోవచ్చు. అమెరికాలో చదివే పిల్లలు పంపితే చలికాలం పొద్దున్నే వాటిని వేసుకుని వాకింగ్‌కు వెళ్లే నాన్నలు మన హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్నారు. కుట్టిన గ్రీకు అక్షరాల సంగతి అలా కాదు. సంఘంలో చేరనివాళ్లు వాటిని వేసుకోకూడదు. చేరినవాళ్లు కూడా దీక్ష పూర్తయ్యేదాకా ఆగాలన్న నియమం చాలా సంఘాల్లో ఉంది. అక్షరాలు ఒంటిమీద ఉండగా మద్యం ముట్టకూడదన్నది మరో కట్టుబాటు. మాల వేసుకున్న మనిషి చుట్టూ మన దగ్గర ఎంత జాగ్రత్త ఉంటుందో, దాదాపు అంత!

పికో తెలిసినవాళ్లకు తేలికే

ఇంతకీ ఈ అక్షరాన్ని కుట్టేదెలా? ప్రింటు వేసినదానికీ దీనికీ పోలికే లేదు. చేత్తో తడిమితే అంచు తగులుతుంది.

ఒక్కో అక్షరానికి రెండు పొరలు. అడుగున కాస్త పెద్దది, ఒకే రంగు గుడ్డతో. దానిమీద పావు అంగుళం చిన్నది, పువ్వులో చారలో ఉన్న గుడ్డతో. కింది రంగు చుట్టూ గట్టులా కనిపించడంవల్ల దూరం నుంచి కూడా అక్షరం స్పష్టంగా తెలుస్తుంది. ఇస్త్రీ వేడికి అతుక్కునే పల్చటి జిగురు పొర ఒకటి కాగితంతో సహా దొరుకుతుంది. ఆ కాగితం మీద అక్షరాన్ని తిరగేసి గీయాలి. అద్దంలో కనిపించినట్టన్నమాట. ఆల్ఫా, డెల్టా, ఒమేగాలకు ఏ బాధా లేదు, ఎటు తిప్పినా ఒకటే. గామా, సిగ్మా, కప్పాలను తిరగేయడం మరిచిపోతే గుడ్డ దండగ. థీటా, ఫై లాంటివాటికి లోపలి కిటికీలనూ కత్తిరించాలి. అక్కడ చిన్న కత్తెర, పెద్ద ఓపిక కావాలి.

అసలు చిక్కు స్వెట్‌షర్టుతోనే. అది అల్లిక బట్ట, లాగితే సాగుతుంది. అక్షరం గుడ్డ నేత బట్ట, సాగదు. సాగేదాని మీద సాగనిదాన్ని కుడితే చుట్టూ ముడతలు పడతాయి. అందుకే స్వెట్‌షర్టు లోపలివైపు గట్టి కాగితం లాంటి పొర పెట్టి, కుట్టాక చింపేస్తారు. రెండు రకాల బట్టలనూ ముందే ఉతికి ఆరేయడం తప్పనిసరి. కొత్త నూలుబట్ట కుంచించుకుపోతే పడ్డ శ్రమంతా వృథా. పైగా ఈ విశ్వవిద్యాలయం రంగు ముదురు ఎరుపు. తెల్ల చొక్కా మీద ఎర్రగుడ్డ రంగు దిగితే ఏమవుతుందో మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇక కుట్టు. చీర అంచుకు పికో చేసేటప్పుడు సూది అటూఇటూ ఊగుతుంది చూశారా, సరిగ్గా అలాంటి జిగ్‌జాగే. కాకపోతే బాగా దగ్గరదగ్గరగా, దారం తప్ప గుడ్డ అంచు కనపడనంత ఒత్తుగా వేయాలి. ముందు మధ్య అక్షరాన్ని మెడకింద నడిమికి సరిచూసి అతికించి, ఆ తర్వాతే పక్కవాటిని పెడతారు. మూల దగ్గరికి రాగానే సూదిని గుడ్డలోనే దించి ఉంచి, పైన నొక్కే పాదాన్ని ఎత్తి, బట్టను తిప్పాలి. సిగ్మా మొత్తం మూలలే. ఒమేగాలో మూలల కంటే వంపులు ఎక్కువ, తొందరపడితే వంపు పలకలు పలకలుగా వస్తుంది. డిప్లొమాలూ డిజైన్ కోర్సులూ అవసరం లేదుగానీ, మొదటి చొక్కా మాత్రం చాలామందికి పాడవుతుంది.

అతుకుల అక్షరాలు ఇంకో మెట్టు పైన. చిన్నచిన్న గుడ్డముక్కలను ముందు ఒకదానికొకటి కుట్టి, ఆ అతుకుల బట్టలోంచి అక్షరాన్ని కోస్తారు. అమ్మ పాత గౌను, చిన్నప్పటి దిండుగలీబు, ఆటల జట్టు చొక్కా... ఏదైనా అందులోకి వెళ్లొచ్చు. సొరోరిటీల్లో కొత్తగా చేరిన అమ్మాయికి ఓ సీనియర్‌ను ‘అక్క’గా కేటాయిస్తారు. ఆ అక్క ఇచ్చే కానుకల్లో తొలి అక్షరాల చొక్కాకు ఉన్న విలువ మరిదేనికీ ఉండదు.

దురదే కారణం!

అక్షరం సంగతి సరే, ఆ స్వెట్‌షర్టు ఎక్కడిది? అదీ అలబామాలో పుట్టిందే. టస్కలూసా నుంచి తూర్పుగా బర్మింగ్‌హామ్ మీదుగా వెళితే అలెగ్జాండర్ సిటీ వస్తుంది. బెంజమిన్ రస్సెల్ అనే ఆయన 1902లో ఇక్కడ అల్లిక బట్టల మిల్లు పెట్టారు. ఆయన కొడుకు బెన్నీ అలబామా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ ఆడేవాడు. అప్పట్లో ఆటగాళ్లు ఉన్ని చొక్కాలు వేసుకునేవారు. చెమటకు అవి ఒకటే దురద. 1926లో కొడుకు ఆ బాధ చెప్పుకుంటే, తండ్రి మిల్లులో ఆడవాళ్లకోసం తయారయ్యే లోదుస్తుల పైభాగాన్నే కాస్త మార్చి దళసరి నూలుతో వదులు చొక్కా తీయించారని చెబుతారు. చెమట పీల్చే చొక్కా కాబట్టి స్వెట్‌షర్టు. పాతవాటికి మెడకింద కనిపించే ‘వి’ ఆకారపు ముక్క కూడా చెమట పీల్చడానికి పెట్టిందే.

మిల్లు ఊరిని పెంచింది. ఊరు మిల్లునే నమ్ముకుంది. 1990ల చివర కుట్టుపని లాటిన్ అమెరికా దేశాలకు తరలడం మొదలైంది, కంపెనీ ప్రధాన కార్యాలయం అట్లాంటాకు మారింది. 2006లో కంపెనీ చేతులు మారింది. సిర్పూరులోనో ఆజంజాహి మిల్లు మూతపడ్డ వరంగల్‌లోనో పెరిగినవాళ్లకు మిగతా కథ విడమరచి చెప్పనక్కర్లేదు. అలెగ్జాండర్ సిటీకి ఇప్పుడు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పక్కనున్న మార్టిన్ సరస్సులో పడవ షికారు కోసమే వస్తారు.

ఎవరి గుండె మీద?

టస్కలూసాలో అక్షరాల ముచ్చట చూసి మురిసిపోయి వచ్చేస్తే సగమే చూసినట్టు. స్టేడియం నుంచి క్యాంపస్ లోపలికి వెళితే ఫాస్టర్ ఆడిటోరియం ఉంటుంది. 1963 జూన్ 11న నల్లజాతి విద్యార్థులు వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ పేర్లు నమోదు చేయించుకోవడానికి వస్తే, సాక్షాత్తూ రాష్ట్ర గవర్నర్ జార్జ్ వాలెస్ ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. అధ్యక్షుడు కెనెడీ నేషనల్ గార్డ్‌ను తన అధీనంలోకి తీసుకున్నాకే ఆయన పక్కకు తప్పుకున్నారు. అంతకుముందు 1956లో ఆథరిన్ లూసీ అనే యువతి ఇక్కడ చేరిన నాలుగోరోజునే అల్లరిమూక గుడ్లు, రాళ్లు రువ్వింది. ‘భద్రత’ పేరు చెప్పి ఆమెనే పంపించేశారు. ఆ ఉత్తర్వును 1988లో రద్దు చేశారు. ఆమె మళ్లీ చేరి 1992లో ఎమ్మే పూర్తిచేశారు, అదే ఏడాది ఆమె కూతురు కూడా ఇక్కడే పట్టా పుచ్చుకుంది. ఆడిటోరియం ముందున్న గడియార గోపురానికి ఇప్పుడు లూసీ పేరే.

తరగతి గది తలుపు 1963లో తెరుచుకుంది. ఫుట్‌బాల్ జట్టు ‘ఎ’ అక్షరం నల్లజాతి ఆటగాళ్ల ఒంటిమీదికి 1971లో వచ్చింది. మరి ఆ తెల్ల స్తంభాల ఇళ్లు? 2013 సెప్టెంబరులో విద్యార్థుల పత్రిక ‘క్రిమ్సన్ వైట్’ ఓ కథనం వేసింది. మంచి మార్కులూ మంచి పేరూ ఉన్న నల్లజాతి అమ్మాయిని సంప్రదాయ సొరోరిటీలు ఏవీ చేర్చుకోలేదనీ, ఇప్పటి సభ్యులు ఒప్పుకున్నా పూర్వ విద్యార్థినులు అడ్డుపడ్డారనీ అందులోని సారాంశం. గవర్నర్ గుమ్మంలో నిలబడి అప్పటికి సరిగ్గా 50 ఏళ్లు! వందలమంది విద్యార్థులు, అధ్యాపకులు క్యాంపస్‌లో ఊరేగింపు తీశారు. చేరికలను మళ్లీ తెరిచారు. ఆ శరత్తులో నల్లజాతి అమ్మాయిలు కొందరు ఆ అక్షరాలు తొడుక్కున్నారు.

చేర్చుకోనివాళ్లు ఊరికే కూర్చోలేదన్నదీ చెప్పుకోవాలి. 1906లో కార్నెల్‌లో నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫాను, 1908లో హోవర్డ్‌లో అమ్మాయిలు ఆల్ఫా కప్పా ఆల్ఫాను స్థాపించుకున్నారు. 1998లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో దక్షిణాసియా పిల్లలు కూడా అదే పని చేశారు. అబ్బాయిలది డెల్టా ఎప్సిలాన్ సై, అమ్మాయిలది కప్పా ఫై గామా.

నల్లరేగడిలో బొంతలు

టస్కలూసా నుంచి దక్షిణంగా కారులో రెండు గంటలకు పైగా వెళితే నేల రంగు మారుతుంది. ఈ ప్రాంతం పేరు బ్లాక్ బెల్ట్. నల్లటి సారవంతమైన మట్టి వల్ల వచ్చిన పేరది... పత్తి పండే నల్లరేగడి అనుకోండి. అలబామా నది మెలిక తిరిగినచోట మూడువైపులా నీళ్లతో జీస్ బెండ్ ఉంటుంది. ఒకప్పటి తోట యజమాని పెట్‌వే పేరే, ఆయన బానిసల వారసుల ఇంటిపేరుగా ఇప్పటికీ ఊళ్లో సగం ఇళ్లలో వినిపిస్తుంది.

ఇక్కడి ఆడవాళ్లు చలికి పాత ప్యాంట్లు, చొక్కాలు, పిండి సంచులు చింపి బొంతలు కుట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలోనూ, తర్వాత న్యూయార్క్‌లోని విట్నీలోనూ వాటిని గోడలకు వేలాడదీస్తే విమర్శకులు నోళ్లు వెళ్లబెట్టారు. 2006లో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. వాటిలో మిస్సోరీ పెట్‌వే 1942లో కుట్టిన బొంత కథ అందరికీ తెలిసినదే. భర్త చనిపోతే అతను పొలానికి వేసుకెళ్లిన బట్టలన్నీ కలిపి కుట్టి, అతని గుర్తుగా అదే కప్పుకుని పడుకునేదట. మోకాళ్ల దగ్గర వెలిసిన రంగు ఆ ముక్కల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అది వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి చేరింది.

టస్కలూసా అమ్మాయిలకూ బొంతలతో పని పడుతుంది. చదువు ముగిశాక నాలుగేళ్ల టీషర్టులను, అక్షరాలున్న ముక్కలను కత్తిరించి దుప్పటిగా కుట్టించుకోవడం అమెరికా అంతటా ఉన్న అలవాటే.

జీస్ బెండ్‌కు వెళ్లాలంటే అక్టోబరు మంచి సమయం. 2022 నుంచి ఏటా ఆ నెలలో బొంతలన్నిటినీ ఆరుబయట తీగల మీద ఆరేసి పండుగ చేస్తున్నారు. కామ్డెన్ పట్టణం నుంచి ఫెర్రీ ఎక్కితే నది దాటడానికి పావుగంట చాలు. 1962లో నల్లజాతివారు ఓటు నమోదు కోసం కామ్డెన్ వెళ్లడం మొదలుపెట్టాక ఆ ఫెర్రీని ఆపేశారు. అప్పట్నుంచి 44 ఏళ్లపాటు చుట్టూ తిరిగి గంటకు పైగా ప్రయాణించే వెళ్లాల్సి వచ్చింది. 2006లో మళ్లీ మొదలైంది. 2019 నుంచి అది పూర్తిగా కరెంటు మీదే నడుస్తోంది. కారుతో సహా ఎక్కొచ్చు.