గుంటూరు డాక్టరమ్మ

జబ్బు చేసినా మగ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఆ రోజుల్లో చాలామంది ఆడవాళ్లు ఒప్పుకునేవారు కాదు. కాన్పు కష్టమైతే ప్రాణం మీద ఆశ వదులుకోవాల్సిందే. ఈ సంగతి 1915లో ఓ చిన్న పుస్తకం చదివి తెలుసుకున్నారు ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లౌరీ. అప్పటికామె మెల్‌బోర్న్‌లో కంటి వైద్యురాలు. అన్నీ వదిలేసి 1920లో ఓడెక్కి గుంటూరు వచ్చారు. జె.ఎం.జె. సిస్టర్స్‌లో చేరారు.

సన్యాసినులు వైద్యం చేయడానికి అప్పటి చర్చి నియమాలు ఒప్పుకోవు. ఆమె కోసం పోప్ ప్రత్యేకంగా అనుమతించారు. చిన్న డిస్పెన్సరీ కాస్తా సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి అయింది. కానీ ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలదు? అందుకే స్థానిక మహిళలకు నర్సు పని, మందులివ్వడం, పురుడు పోయడం నేర్పించారు. 1943లో దేశంలోని క్యాథలిక్ ఆసుపత్రులన్నిటికీ ఓ సంఘాన్ని స్థాపించారు. డాక్టర్లను తయారుచేసే కళాశాల ఒకటి కావాలని కలగన్నారు.

ముప్ఫై ఏడేళ్లలో మళ్లీ సొంతగడ్డ మీద అడుగుపెట్టలేదు. 1957 మే 5న బెంగళూరులో కన్నుమూశారు. ఆమె కలగన్న వైద్య కళాశాల, సెయింట్ జాన్స్, 1963లో అదే ఊళ్లో మొదలైంది.