కూలెంట్‌లో ఏం కలపాలి: మా ల్యాబ్ మెషిన్ కథ

పోస్టు కొంచెం పెద్దదే. ల్యాబ్‌లో పాత మెషిన్ మీ చేతికీ ఎప్పుడో ఒకరోజు వస్తుంది కాబట్టి ఓపిగ్గా చదవండి.

మేం ముగ్గురం ఒకే రూమ్. ఊళ్లు హుకుంపేట, జి.మాడుగుల, అరకు వైపు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మినీ ప్రాజెక్టు కోసం మా అమ్మమ్మలు కువిలో, ఆదివాసీ ఒరియాలో చెప్పిన కథలు ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చాం. మాటను అక్షరంగా మార్చే మోడల్‌ని వాటితో ట్రైన్ చేయాలి. దానికి పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషిన్ డిపార్టుమెంట్‌లో ఒక్కటే ఉంది. ఎవరో పాత విద్యార్థులు ఇచ్చి వెళ్లింది, నీళ్లతో చల్లబడే రకం. ట్రైనింగ్ మొదలుపెట్టిన పావుగంటకే 94 డిగ్రీలకెళ్లి ఆగిపోయేది.

చూస్తే ట్యాంకులో నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. సార్‌కి చెప్పాం. "మీరే చూసుకోండి, బడ్జెట్ లేదు. పాడైతే మాత్రం మీ పేరే రాస్తాను" అన్నారు. ఆ 'మీ పేరు' అంటే మా ముగ్గురి పేర్లు కాదని మాకు తెలుసు. 'హాస్టల్ పిల్లలకిస్తే ఇంతే' అంటారు. మా తర్వాత వచ్చే జూనియర్లకి ఆ మెషిన్ ఇక ముట్టుకోనివ్వరు. అందుకే డబ్బులకన్నా ముందు మాకు ఆ భయం పట్టుకుంది.

ఇందులో పెద్ద మాయేం లేదు. చిప్ మీద ఒక లోహపు దిమ్మ, దాన్నే బ్లాక్ అంటారు. పంపు నీటిని దాంట్లోంచి తోస్తుంది, వేడి నీళ్లు రేడియేటర్‌లో చల్లబడి మళ్లీ వస్తాయి. ట్యాంకర్ నీళ్లు పోస్తే ఉప్పులు పేరుకుంటాయి. హాస్టల్ ఆర్‌ఓ నీళ్లు పోద్దామన్నాడు మాలో ఒకడు. టీడీఎస్ మీటర్ పెడితే 60 చూపించింది. బ్యాటరీ షాపులో కొన్న డిస్టిల్డ్ వాటర్ 2 చూపించింది. నీళ్ల సంగతి అక్కడితో తేలిపోయింది.

ఇక అందులో ఏం కలపాలన్నదే తలనొప్పి. ఉత్త నీళ్లయితే కొన్నాళ్లకి పాచి పడుతుంది. యూట్యూబ్‌లో ఒకాయన వెండి చుట్ట వేయమంటాడు, ఇంకొకాయన కాపర్ సల్ఫేట్ చుక్కలు వేయమంటాడు. కాపర్ సల్ఫేట్ అనగానే మావాడు నవ్వాడు. "అది మైలుతుత్తం కదరా, మా మిరియాల పాదులకి కొట్టేదే!"

వాళ్ల నాన్నకి ఫోన్ చేశాం. కాఫీ తోటలో మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మందు చేయడం ఆయనకి అలవాటే. కంప్యూటర్ ఎప్పుడూ ముట్టుకోలేదు. "కలిపాక కత్తి ముంచి చూస్తాం కదరా, ఎర్రబడితే సున్నం చాలనట్టు. మీ మిషన్ లోపల ఇనుముందా, ఏటుంది? అది చూడకుండా వేసేస్తారేటి?" అన్నారు.

కత్తి ఎర్రబడటమంటే ఇనుము కరిగి నీళ్లలోకి పోవడం, ఆ చోట రాగి వచ్చి కూర్చోవడం. ఇంటర్ కెమిస్ట్రీలో మార్కుల కోసం బట్టీ పట్టిందే ఇది. మరి మా మెషిన్ లోపల ఏముంది? బ్లాక్ విప్పితే అడుగు ఎర్రగా రాగి. రేడియేటర్ మూల పెయింట్ రాలిన చోట చూస్తే తెల్లగా అల్యూమినియం. ఒకే నీటిలో ఈ రెండూ ఉంటే బ్యాటరీలాగే పనిచేస్తాయి, అల్యూమినియం తినేసుకుపోతుంది. బ్లాక్ సందుల్లో పట్టిన తెల్లటి జిగురు ఎక్కడిదో అప్పుడర్థమైంది.

నమ్మకం కోసం పాత అల్యూమినియం మూత ముక్కని మైలుతుత్తం నీళ్లలో వేసి చిటికెడు ఉప్పు కలిపాం. బుడగలొచ్చాయి, ఎర్రటి మడ్డి దిగింది, ముక్క గుంతలు పడింది. మా రేడియేటర్‌కి ఇదే జరిగేది. లోపలంతా రాగి, ఇత్తడి అయితే ఆ చుక్కలు పాచిని చంపుతాయేమో గానీ, మాకు పనికిరావు. వెండి కూడా అంతే, ఇంకో లోహాన్ని తెచ్చి కలిపినట్టవుతుంది.

మిగిలింది తుప్పు పట్టనివ్వని మందులు కలిసిన గ్లైకాల్ కూలెంట్. కంప్యూటర్ కోసమే అమ్మేది కొనే స్తోమత లేదు. కారు కూలెంట్ తీసుకున్నాం. కార్లలోనూ అల్యూమినియం, రాగి, ఇత్తడి ఉంటాయి కాబట్టి వాటిని కాపాడే మందులు అందులో ఉంటాయి. షాపులో కుర్రాడు "ఆకుపచ్చా, ఎరుపా?" అని అడిగాడు. రంగు వట్టి అద్దకమే, దాన్ని బట్టి లోపలి మందు తెలీదు. లేబుల్ మీద అల్యూమినియానికి పనికొస్తుందని ఉందో లేదో చదవాలి. రెండు రకాలు కలపకూడదు, కొన్ని కలిస్తే గడ్డకడతాయి. డబ్బు మిగులుతుందని మరీ పలచన చేస్తే తుప్పునీ ఆపదు, పాచినీ ఆపదు. డబ్బా మీద రాసిన కనీస పాలు కలిపాం. గ్లైకాల్ కలిస్తే నీళ్లు మోసే వేడి కాస్త తగ్గుతుంది, ఫర్వాలేదు. గడ్డకట్టకుండా ఆపే గుణం లంబసింగిలో పనికొస్తుందేమో, వైజాగ్ ల్యాబ్‌లో దాంతో పనేముంది!

పోసే ముందు పాత నీళ్లు తీసేసి డిస్టిల్డ్ వాటర్‌తోనే మూడుసార్లు కడిగాం. స్పిరిట్ వాడొద్దు, అక్రిలిక్ ట్యాంకు పగుళ్లిస్తుంది. తర్వాత కంప్యూటర్ ఆన్ చేయకుండా పంపు ఒక్కటే 24 గంటలు నడిపాం, జాయింట్ల కింద టిష్యూ పేపర్లు పెట్టి. రాత్రి వంతులవారీగా కూర్చున్నాం. ఒక్క పేపరూ తడవలేదు.

ముఖ్యమైన మాట ఇంకొకటి. కారు కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. మన హాస్టళ్లలో నీళ్ల బాటిల్ ఎవరిదైనా ఎవరైనా తాగేస్తారు. మిగిలినదాన్ని దాని డబ్బాలోనే ఉంచి, పైన పెద్దక్షరాలతో 'విషం' అని తెలుగులో రాసి, ల్యాబ్ బీరువాలో పెట్టి తాళం వేయించాం. కుక్కలు తిరిగే చోట పారబోయకండి.

ఇప్పుడు రాత్రంతా ట్రైనింగ్ నడిచినా 71 దాటట్లేదు. అయినా రాగి, అల్యూమినియం పక్కపక్కన ఉన్నంతకాలం కూలెంట్ ఆ తినేయడాన్ని నెమ్మదింపజేస్తుందే గానీ పూర్తిగా ఆపదు. 15 రోజులకోసారి ట్యాంకులో టార్చి వేసి చూస్తున్నాం. వైజాగ్‌లో ఎవరి దగ్గరైనా 240 సైజు పాత రాగి రేడియేటర్ ఉంటే కామెంట్ పెట్టండి అన్నా, ఆదివారం మేమే వచ్చి తీసుకెళ్తాం.