కత్తెర తెలిసిన చేయి

నాసిక్ ప్రాంతంలో ద్రాక్షతీగను ఏటా రెండుసార్లు కత్తిరిస్తారు. చలిదేశాల్లో శీతాకాలం తీగను నిద్రపుచ్చుతుంది కనుక ఒక్క కత్తిరింపు చాలు. ఇక్కడ అంత చలి లేదు. వదిలేస్తే తీగ ఏడాది పొడవునా ఆకు వేస్తూనే ఉంటుంది. అందుకే పంట ముగిశాక, ఏప్రిల్‌లో, కొమ్మల్ని పొట్టిగా కోసేస్తారు. ఎండల్లో వచ్చే కొత్త కొమ్మల కణుపుల దగ్గర, కళ్లు అనే మొగ్గల లోపల, వచ్చే పంట గుత్తులు రూపు కడతాయి. వానలు తగ్గే సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో రెండో కత్తిరింపు. వైన్ ద్రాక్ష కోత సాధారణంగా జనవరి నుంచి మార్చి దాకా.

నేను అక్కడి ఒక వైనరీ తోటకు వెళ్లినప్పుడు ఆ రెండో కత్తిరింపు సాగుతోంది. వైన్ పులియబెట్టే స్టీలు ట్యాంకులు చూద్దాం రమ్మని పిలుస్తున్నా ఒక పెద్దాయన చేతుల దగ్గరే నిలబడిపోయాను. బొటనవేలితో కొమ్మను మొదలు నుంచి తడుముతాడు, కళ్లు లెక్కపెడతాడు, కోస్తాడు. ఎన్నో కంటిలో గుత్తి ఉందన్నది రకాన్ని బట్టి, కొమ్మ లావును బట్టి మారుతుంది. మరీ కిందికి కోస్తే ఆ కొమ్మకు కాపుండదు. ఎక్కువ వదిలితే గుత్తులు ఎక్కువై కాయలో తీపి, రంగు పలచబడతాయి. పక్క వరుసలో ఒకామె గొణుగుతోంది: ఎకరానికి ఇంతని గుత్తకిస్తే కన్ను చూసి కోసే తీరిక ఎవరికుంటుందని.

తినే ద్రాక్షతో వైన్ చేయకూడదా అని చాలామంది అడుగుతారు. చేయవచ్చు, కానీ పేలవంగా ఉంటుంది. థామ్సన్ సీడ్‌లెస్ వంటివాటికి తొక్క పలచన, గింజ ఉండదు. షిరాజ్, కాబర్నే సావిన్యోన్ కాయలు చిన్నవి, తొక్క మందం. రంగు, వగరు చాలావరకు తొక్కలో, గింజలో ఉంటాయి. నల్లద్రాక్షలో కూడా రసం సాధారణంగా రంగులేనిదే. తొక్కతో కలిపి పులియబెడితే ఎర్ర వైన్; ముందే పిండి తొక్క తీసేస్తే తెల్ల వైన్; కాసేపు మాత్రమే నాననిస్తే గులాబీ రంగు. పులియబెట్టేది ఈస్ట్. లీటరు రసంలోని సుమారు 17 గ్రాముల చక్కెర నుంచి 1 శాతం ఆల్కహాల్ వస్తుంది.

ట్యాంకులో చల్లదనాన్ని యంత్రం చూసుకుంటుంది. కన్ను చూసి కోయడం మాత్రం ఇక్కడ ఇంకా మనిషి పనే. ఈ విద్య హైదరాబాద్‌కు కొత్త కాదు. నగరం చుట్టూ అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష పందిళ్లు పరుచుకున్న రోజుల్లో అక్కడా ఈ రెండు కత్తిరింపుల పద్ధతే. ఆ తోటలు చాలావరకు ప్లాట్లయ్యాయి. రకాన్ని పరిశోధన కేంద్రంలో నాటి కాపాడవచ్చు. కత్తెర పట్టిన అనుభవాన్ని కాపాడాలంటే పక్కన నిలబడి నేర్చుకునేవాళ్లు కావాలి. నాసిక్‌లో సందర్శకులకు వైన్ రుచి చూడటం ఓపికగా నేర్పుతారు. అదే ఓపికతో కుర్రాళ్లకు కత్తిరింపు నేర్పాలి. గుత్త మానేసి, నైపుణ్యానికి తగ్గ రోజుకూలి ఇవ్వాలి.