మెల్‌బోర్నులో కుంపటి

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను నగరమున మా కాపురము. అత్తగారు వచ్చిన నాటినుండి సరిగా భుజింపలేదు. ఆమె కోరినది కాల్చిన వంకాయ పచ్చడి. మా యింట విద్యుత్తు పొయ్యియే గదా! బొగ్గుల కుంపటి కొని తెచ్చితిమి. ఆనాడే, వడగాడ్పుల వలన, ఆరుబయట నిప్పు రాజేయరాదని ప్రభుత్వపు నిషేధము! 2009 ఫిబ్రవరి 7వ తేదీని చెలరేగిన కార్చిచ్చులలో అచ్చట 173 మంది మరణించిరి. ఆ భయము ఊరక కలిగినది కాదు.

అచ్చటి ఉద్యానములందు జనులకై విద్యుత్తు పెనములు ఉచితముగా అమర్చియుందురు. మీట నొక్కిన వేడెక్కును. కాని వానిపై ఎల్లరును మాంసము వేపుకొందురు. అత్తగారు ముఖము త్రిప్పుకొనిరి. పెనము తుడిచి, అల్యూమినియపు రేకు పరచి, నూనె రాచిన వంకాయలను దొర్లించితిని. తొక్క నల్లబడెను, పొగవాసన మాత్రము పట్టలేదు.

ఇంటికి వచ్చి చింతపండు, పచ్చిమిరప, ఇంగువపోపు చేర్చితిని. అత్తగారు మారు వడ్డించుకొని, "పొగవాసన లేదే, అమ్మాయీ! ఆ కుంపటి పారవేయకు, చలికాలందాకా ఉంటానులే" అనిరి.