అడగకముందే ఇచ్చినది



మన పల్లెల్లో సేవ కొత్త సంగతేమీ కాదు. పెళ్ళి వస్తే పందిరి వేయడానికి నలుగురు వస్తారు. ఎవరైనా కన్నుమూస్తే సమాధి తవ్వడానికి ఎవరినీ బతిమాలనక్కరలేదు. ఆదివారం తెల్లవారకముందే మందిరం ఊడ్చి, చాపలు పరిచే తల్లులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఇవన్నీ మంచి పనులే. అయితే ఇవి మనకు తెలిసినవారికి, రేపు మన ఇంటికీ వచ్చి చేసేవారికి చేసే పనులు. మరి ముక్కూ మొహం తెలియనివారి మాటేమిటి? అలాంటివారి కోసం కొన్నేళ్ళుగా మా సంఘం చేస్తున్న పని ఒకటుంది. అది రక్తదానం. పుచ్చుకున్నవారికి కలిగే మేలు అందరికీ తెలిసిందే. ఇచ్చినవారికీ, మా ఊరికీ కలిగిన మేలు గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఇది ఎలా మొదలైందో చెబుతాను. మా సంఘంలోని ఒక చెల్లెలికి కాన్పు తర్వాత రక్తస్రావం ఆగలేదు. రాత్రి పదకొండు గంటలకు ఆమెను పట్నంలో ఆసుపత్రికి చేర్చాం. వెంటనే రక్తం ఎక్కించాలని డాక్టరమ్మ చెప్పారు. ఊరికి ఫోను చేసి, మనుషుల్ని లేపి, ఆటో మాట్లాడి, వచ్చినవారి గ్రూపు చూసి, పరీక్షలన్నీ పూర్తయ్యేసరికి తెల్లవారిపోయేది. కాని రక్తనిధిలో ఆమె గ్రూపు రక్తం సిద్ధంగా ఉంది. ఆ వారమే ఎవరో కాలేజీ పిల్లలు ఇచ్చి వెళ్ళారట. ఆ తల్లి బ్రతికింది. మర్నాడు ఆమె భర్త నాతో, "అయ్యగారూ, దండం పెడదామంటే ఆ పిల్లలెవరో తెలియదు. ఈ బాకీ ఎవరికి తీర్చాలి?" అన్నాడు. ఆ ప్రశ్నే మా శిబిరానికి పునాది అయింది.

రక్తాన్ని ఏ ఫ్యాక్టరీలోనూ తయారు చేయలేరు. ఒకప్పుడు డబ్బుకు రక్తం అమ్మేవారు ఉండేవారు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ప్రకారం 1998 జనవరి 1 నుంచి దానిని నిషేధించారు. ఇక మిగిలినవి రెండే దారులు. అవసరం ముంచుకొచ్చాక బంధువులు పరుగెత్తడం ఒకటి, అవసరం రాకముందే ఎవరో ఇచ్చి ఉంచడం రెండోది. చల్లగా ఉంచినా ఎర్ర కణాలు 35 రోజులో, 42 రోజులో మాత్రమే నిలువ ఉంటాయి. డెంగీ వంటి జబ్బుల్లో కొందరికి ఎక్కించే ప్లేట్‌లెట్లు సుమారు 5 రోజులే ఉంటాయి. కాబట్టి ఎప్పుడో ఒకసారి ఇచ్చి ఊరుకుంటే చాలదు.

మా యౌవనస్థులు ఇంటింటికీ తిరిగినప్పుడు ఎన్నో సందేహాలు వచ్చాయి. "రక్తం ఇచ్చి పడుకుంటే నాట్లు ఎవరు వేస్తారు?" అని ఒక పెద్దాయన అడిగాడు. శిబిరానికి వచ్చిన నర్సమ్మ ఓపికగా చెప్పింది. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. తీసేది 350 మిల్లీలీటర్లు. అందులోని నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగి చేరుతుంది. కణాలకు కొన్ని వారాలు పడుతుంది. అందుకే మగవారు 3 నెలలకు, ఆడవారు 4 నెలలకు ఒకసారి మించి ఇవ్వకూడదు. 18 ఏళ్ళు నిండాలి, 45 కిలోల బరువుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆ రోజు బరువులు ఎత్తకుండా, నీళ్ళు బాగా తాగితే సరిపోతుంది.

ఈ 12.5 అనే అంకె దగ్గరే మాకు అనుకోని మేలు జరిగింది. మొదటి శిబిరానికి వచ్చిన స్త్రీలలో చాలామందిని తిప్పి పంపారు. "ఇద్దామని వస్తే నాకే లేదంటున్నారు అయ్యగారూ" అని ఒక అక్క నవ్వుతూ అన్నది గాని, ఆమె కళ్ళు చెమర్చాయి. కలుపు తీస్తుంటే ఆయాసం వచ్చి, మెట్టెక్కితే కళ్ళు తిరిగి, అదంతా వయసు వల్లనే అనుకుంటూ ఆమె ఏళ్ళు గడిపింది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఐరన్ మాత్రలు వాడి, తిండి మార్చుకొని, మరుసటి ఏడు ఆమె తిరిగి వచ్చి రక్తం ఇచ్చింది. ఇద్దరు రైతులకు రక్తపోటు ఉన్న సంగతి కూడా ఆ బల్ల దగ్గరే బయటపడింది. రక్తం ఇస్తే ఏ జబ్బూ రాదని నేను చెప్పను. కాని పరుల కోసం చేయి చాచినప్పుడు మన ఒంటి సంగతి మనకు తెలుస్తుందని మాత్రం కళ్ళారా చూశాను.

ఇంకో మేలు చెబుతాను. డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, రోజంతా కాలువ వంతెన మీద కూర్చునే తమ్ముడొకడు ఉండేవాడు. దాతల పేర్లు, గ్రూపులు, ఇచ్చిన తేదీలు రాసే పుస్తకం అతనికి అప్పగించాం. ఇప్పుడు రాత్రివేళ ఏ ఊరినుంచైనా అతనికే ఫోను వస్తుంది. ఉద్యోగం తర్వాత దొరికింది. ముందుగా దొరికింది తాను ఒకరికి పనికొస్తాననే ధైర్యం.

ఇక ఊరి సంగతి. మా మందిరం పేటలో ఉంది. ఊళ్ళోని రైతులు కొందరు అంతవరకు ఆ గుమ్మం తొక్కి ఎరుగరు. రెండో శిబిరానికి వారు వచ్చారు. పేట కుర్రవాడు ఒక మంచం మీద, ఊరి మోతుబరి పక్క మంచం మీద పడుకున్నారు. లేచాక ఇద్దరికీ ఒకే పళ్ళెంలోంచి బిస్కెట్లు అందించారు. మనుషుల రక్తంలో గ్రూపులున్నాయని కార్ల్ లాండ్‌స్టైనర్ అనే వైద్యుడు 1901లో ప్రకటించాడు. వాటిలో ఎ, బి, ఎబి, ఓ ఉన్నాయిగాని కులానికో గ్రూపు లేదు. సంచి మీద చీటీలో గ్రూపు, అంకె, తేదీ ఉంటాయి. కులం ఉండదు, మతం ఉండదు. ఆ ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రాన్ని ఊరూ పేటా కలిసి నడిపాయి. ఎన్ని ప్రసంగాలు చేసినా రాని మార్పు పక్కపక్క మంచాల మీద కొంత వచ్చింది.

మంచి సమరయుని కథ మనకు కంఠతా వచ్చు. ఆ కథలో సాయం పొందినవాని పేరు లేదు, చేసినవాని పేరూ లేదు. మేలు చేయడానికి పేర్లతో పని లేదని ప్రభువు మనకు నేర్పాడు.

ఒక్క హెచ్చరిక. ఎవరినీ బలవంతపెట్టవద్దు. పాలిచ్చే తల్లులు, గర్భవతులు, జబ్బుకు మందులు వాడుతున్నవారు మొహమాటానికి పోయి చేయి చాచకూడదు. డాక్టరు అడిగినది దాచకూడదు. ఇవ్వలేనివారు మంచినీళ్ళు అందించవచ్చు, వచ్చినవారికి తోడు కూర్చోవచ్చు. అదీ సేవే.

ఎండాకాలం కాలేజీలకు సెలవులు. అప్పుడు శిబిరాలు తగ్గి రక్తనిధుల్లో కొరత ఏర్పడుతుంది. కాన్పులకు మాత్రం సెలవులు లేవు. తలసీమియా ఉన్న పసిబిడ్డలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. కాబట్టి ఈ మే నెలలో మీ మందిరం తలుపులు తెరవండి. దగ్గరలోని ప్రభుత్వ రక్తనిధివారిని కలిసి తేదీ అడగండి. గాలి ఆడే గది, నాలుగు మంచాలు, రెండు ఫ్యాన్లు, తాగే నీళ్ళు మీరు సిద్ధం చేస్తే తక్కినది వారు చూసుకుంటారు. ఈ ఆదివారమే మీ సంఘ పెద్దలతో మాట్లాడండి.