వేగస్‌లో 30 డాలర్ల గది
2023లో అమ్మానాన్న గన్నవరం నుంచి తొలిసారి అమెరికా వచ్చారు. లాస్ వేగస్ చూపిద్దామని స్ట్రిప్ మీద హోటల్ వెతికా. గది 30 డాలర్లే! తీరా బుక్ చేయబోతే రిసార్ట్ ఫీజు, పన్నులు కలిసి మూడింతలైంది. వీకెండ్ అయితే ఇంకా మంట.

ఆదివారం రాత్రికి మార్చుకుని, ఫ్రీమాంట్ స్ట్రీట్ దాటాక ఓ మోటెల్ పట్టా. ఆ ఫీజు లేదు, కారు గుమ్మం ముందే. అమ్మ వెంటనే రైస్ కుక్కర్ పెట్టేసింది. నాన్న మాత్రం బెజవాడ లాడ్జిలో చూసినట్టే ముందు బాత్‌రూమ్, తర్వాత తలుపు గడియ చూశారు. ఇంత దూరం రప్పించి ఇదా చూపించేదని నాకు సిగ్గేసింది.

రాత్రి బెలాజియో ఫౌంటెన్ల దగ్గర నిలబడ్డాం. టికెట్ లేదు, పావుగంటకో ఆట.

"గది ఎంతరా?" అన్నారు నాన్న. చెప్పా. రూపాయల్లో లెక్కేసుకుని కాసేపు మాట్లాడలేదు.

"సరేలే, ఇంకో ఆట చూసి వెళ్దాం."