ఒంటిపూట

2024 ఏప్రిల్ 17, బుధవారం

శ్రీరామనవమి. గుళ్ళో కల్యాణం అయ్యేదాకా అమ్మ పచ్చి గంగైనా ముట్టదు. పొద్దున సూది మాత్రం వేసుకుంది. అది మటుకు తప్పదు. ఒంటిగంటకి నా చెయ్యి పట్టుకుని "మీ నాన్నగారు భోంచేశారా?" అంది.

నాన్న పోయి తొమ్మిదేళ్ళు.

మీటరు 41. గుడి నుంచి తెచ్చిన పానకం గుటక గుటకగా తాగించా. మిరియాల ఘాటుకి దగ్గింది. నుదురు పట్టుకుని చూశా. పొడిగా ఉంది. 41 దగ్గర ఒక్క చుక్క చెమట లేదు!

ఏప్రిల్ 18

డాక్టరు గారు డోసు తగ్గించారు. షుగరు మాటిమాటికీ పడిపోతుంటే ఒళ్ళు దానికే అలవాటు పడుతుందట. వణుకు, దడ, చెమట ఆలస్యంగా వస్తాయి, లేదా రానే రావు. దడ తెలియకపోవడానికి బీపీ మాత్ర కూడా కారణం కావచ్చు. "చెమటని మాత్రం ఆ మాత్ర దాచదమ్మా" అన్నారు. కొన్ని వారాలపాటు 70 దిగనివ్వకపోతే మళ్ళీ తెలియడం మొదలవ్వచ్చట.

అవ్వచ్చు.

మాటిమాటికీ అంటే ఎన్నిసార్లు? నాకెప్పుడూ చెప్పలేదే.

ఏప్రిల్ 22

నిద్ర పట్టక పాత నోట్సు తీశా. పంతొమ్మిదేళ్ళుగా బోర్డు మీద అదే బొమ్మ. చక్కెర తగ్గితే ఆల్ఫా కణాలు, గ్లూకగాన్, కాలేయంలో గ్లైకోజన్ కరగడం, చక్కెర పెరగడం, గ్లూకగాన్ తగ్గడం. బాణం గుండ్రంగా తిరిగి మొదటికొస్తుంది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. గీజరు ఉదాహరణ చెప్తాను, పిల్లలు బుర్రలూపుతారు.

హోమియోస్టాసిస్ అన్న పేరు కానన్ 1926లో పెట్టాడు. 1932లో పుస్తకానికేమో 'శరీరపు తెలివి' అని. తెలివే, కాదనను. చక్కెర దిగుతుండగానే క్లోమం తన ఇన్సులిన్‌ని కట్టేస్తుంది. మరి పొట్ట మీద చర్మం కింద మనం గుచ్చి పెట్టింది? అది ఎవరి మాటా వినదు. తిన్నా తినకపోయినా దాని పని దానిదే.

ఆ సూది నా బొమ్మలో ఎక్కడా లేదు.

ఏప్రిల్ 28, ఆదివారం

రాత్రి రెండున్నరకి 54. తట్టి లేపితే "బానే ఉన్నానే" అంది. నుదురు పొడి. పంచదార నీళ్ళు.

పొద్దున సింకులో రాత్రి కంచం ఒక్కటే. నాది.

శనివారం ఒంటిపూట! నేను టీవీ ముందు కూర్చుని "తిన్నావా?" అన్నాను, "ఆఁ" అంది. సూది వేసుకుని, ఖాళీ కడుపుతో పడుకుంది. ఎన్ని శనివారాలు ఇలా? "మీ నాన్న ఉన్నప్పటి మొక్కే" అంది, అదే జవాబన్నట్టు.

అలవాటు పడింది ఒళ్ళొక్కటేనా. ఆ "ఆఁ"కి నేనూ...

మే 4, శనివారం

గొడవ. ఏడుపు, నాదే. చివరికి వెంకన్నకీ మాకూ రాజీ: రాత్రి అన్నం వద్దు, ఉప్పుపిండి తినచ్చు. గరిటెన్నర తింది, కంచం నాకు చూపించి మరీ. పడుకోబోయే ముందు 148.

మే 13

ఓటేసొచ్చాం. గంటన్నర వరస. నా బ్యాగులో గ్లూకోజు పొడి. ఇద్దరి జాకెట్లూ వీపుకి అంటుకుపోయాయి. ఇది ఎండ చెమట, నా లెక్కలోకి రాదు. ఇంటికి రాగానే మీటరుకని వేలు చాపింది. సిరా పెట్టిన వేలు! అది వద్దని పక్కది గుచ్చా. 121.

మే 20

ఇరవై రెండు రోజులు. 70 దిగలేదు. ఒకసారి 210, మామిడిపండు. ఏమీ అనలేదు.

మే 26, ఆదివారం

రోహిణి కార్తె. అమ్మ సూది వేసుకోగానే కరెంటు పోయింది. కరెంటు కుక్కరులో బియ్యం బియ్యంగానే ఉన్నాయి. వస్తుందిలే, వస్తుందిలే అని కూర్చున్నా, బుద్ధి లేక.

చీకట్లోంచి పిలిచింది. "అమ్మాయ్, చేతులు వణుకుతున్నాయే. నాకేదో తేడాగా ఉంది."

బానే ఉన్నాననలేదు.

సెల్‌ఫోన్ లైటు వేశా. 64. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చా. పదిహేను నిమిషాలు, గడియారం వంక చూస్తూ. 92. ఈలోపు బ్రెడ్డు.

ఉక్కకి నేనూ కారిపోతున్నాను. కానీ అమ్మ మెడ మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. చల్లచెమట. చెవుల వెనక, గొలుసు కింద, చుక్కలు చుక్కలుగా. తువ్వాలు తీసుకుని కూడా ఆగిపోయా.

"తుడవవేమే?" అంది.